సైలెన్సర్ మార్చాక మోత పెరిగింది, లాగుడు తగ్గింది. తేడా ఎక్కడ కొట్టింది?

మూడోగేర్:

అందరికీ నమస్తే. నా కారు 1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, కాగితం మీద 85 హెచ్‌పీ. నెల కిందట ఎగ్జాస్ట్ మార్పించాను. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా, అందరూ క్యాట్ అనేది) జోలికి పోలేదు, దాని వెనక నుంచి మాత్రం అంతా కొత్తదే. మధ్యలో ఉండే చిన్న రెజొనేటర్ ఎత్తేశారు, వెనక సైలెన్సర్ బదులు స్ట్రెయిట్ త్రూ డబ్బా పెట్టారు, పైపు రెండున్నర అంగుళాలది వేశారు. కంపెనీ పైపు ఒకటిన్నర అంగుళం కంటే కాస్త ఎక్కువ, అంతే. చివర్లో గిన్నెంత టిప్ కూడా ఉంది, అది నా సరదా.

పని చేసినతను పది హెచ్‌పీ పెరుగుతుందని గట్టిగా చెప్పాడు. మొదటి రెండు రోజులు నిజంగానే బండి ఎగిరిపోతున్నట్టు అనిపించింది. తర్వాత ఒక్కొక్కటే బయటపడటం మొదలైంది. 2000 ఆర్‌పీఎం లోపు లాగుడు తగ్గింది, స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేర్‌లో తొక్కితే ముందులా అందుకోవడం లేదు. హైవే మీద సరిగ్గా 2900కీ 3100కీ మధ్య లోపల బూఁ అని ఒకటే మోత, పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడాలంటే అరవాలి, గంట ప్రయాణం చేస్తే తలనొప్పి. 3500 దాటిస్తే మళ్లీ మామూలే, అదే విచిత్రం. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముందు వైపు నుంచి టిక్ టిక్ అని వస్తుంది, ఐదు నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే వెనక పటపట పేలుతుంది (ఇది మాత్రం నాకు నచ్చింది, దాచుకోవడం ఎందుకు). మైలేజీ లీటరుకి కిలోమీటరున్నర మేర తగ్గింది. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు.

నా ఫ్రెండ్ "బ్యాక్ ప్రెషర్ పోయింది, అందుకే" అంటాడు. పైపు పెద్దదైతే పొగ తేలిగ్గా బయటికి పోయి పవర్ పెరగాలి కదా? ఎవరిది నిజం?

కుడికాలు:

నీ ఫ్రెండ్ చెప్పిందే రైట్ బ్రో. ఇంజిన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే లో ఎండ్ టార్క్ (కింద ఆర్‌పీఎంలో లాగుడు) పోతుంది. ఇది అందరికీ తెలిసిందే. పాతది పెట్టించేయ్.

పాతపిస్టన్:

కుడికాలు, కోపం తెచ్చుకోవద్దు గానీ ఈ బ్యాక్ ప్రెషర్ మాట వినీ వినీ విసుగొచ్చింది. బ్యాక్ ప్రెషర్ అంటే పొగ బయటికి పోకుండా అడ్డుపడే ఒత్తిడి. పిస్టన్ దాన్ని తోసుకుంటూ పైకి రావాలి, అందుకు పోయే శక్తి మన జేబులోంచే. అది కావాలని ఏ ఇంజినూ అడగదు. ఇంజిన్‌కి కావలసింది పొగ వేగం. సన్న పైపులో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి జనం ఒకదానికి ఇంకోదాని పేరు పెట్టేశారు.

జరిగేది ఇదీ. పిస్టన్ పూర్తిగా కిందికి దిగక ముందే, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే కొలతలో దాదాపు 50 డిగ్రీల ముందే, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. లోపల ఇంకా ఒత్తిడి మిగిలే ఉంటుంది కాబట్టి పొగ ఒక్కసారిగా ముద్దలా బయటికి దూకుతుంది. లారీ దూసుకెళ్తే వెనకాల ఆకులు, దుమ్ము లాక్కుపోతాయి చూడండి, ఈ పొగ ముద్ద వెనక కూడా అలాంటి లాగుడే ఉంటుంది. దానికి తోడు ఈ ఒత్తిడి అల పైపు వెంట పరుగెత్తి, పైపు హఠాత్తుగా వెడల్పయ్యే చోట తిరగబడి, తక్కువ ఒత్తిడి అలగా వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరిచి ఉండే ఆ క్షణానికి అది సిలిండర్ దగ్గరికి చేరిందా, మిగిలిన పొగను ఊడ్చేసి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. ఆలస్యంగానో తొందరగానో వచ్చిందా, మేలు లేకపోగా చెడగొడుతుంది కూడా. ఏ ఆర్‌పీఎంలో సరిగ్గా కుదురుతుందన్నది పైపు పొడవు, వెడల్పుల మీద ఉంటుంది.

అందుకే హెడర్స్‌లో (సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకటిగా కలిపే పైపులు) 4-1, 4-2-1 అని రెండు రకాలు. నాలుగు పైపులూ ఒకేచోట కలిసే 4-1 పై ఆర్‌పీఎంలో బాగుంటుంది. 1-3-4-2 వరసలో మండే ఇంజిన్‌కి 1ని 4తో, 2ని 3తో ముందు జతకలిపి ఆ తర్వాత ఒకటి చేసే 4-2-1 మధ్య ఆర్‌పీఎంలో లాగుతుంది. రోడ్డు మీద మనం తిరిగేది ఆ మధ్యలోనే.

ఇక మూడోగేర్, నీ పైపు సంగతి. పాతది 1.6 అంగుళాలు అనుకుంటే రెండున్నరకి మారడం అంటే లోపలి వైశాల్యం దాదాపు రెండున్నర రెట్లు. ఇంజిన్ మాత్రం అదే 1.2 లీటర్. పొగ నడక సాగించడం తప్ప పరుగెత్తే పని లేదు. కాకపోతే ఒక మాట, ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరని తెలుసు: క్యాట్ వెనక పైపు వెడల్పు వల్ల కింద లాగుడు అంతగా పడిపోయిందంటే నేను సగమే నమ్ముతాను. సిలిండర్ నుంచి వచ్చిన అల సన్న సన్న గదులున్న ఆ క్యాట్ ఇటుక దాటేసరికే చాలావరకు నలిగిపోయి ఉంటుంది. అలల ఆట అంతా హెడర్‌లోనే. నీకు ఇంకేదో ఉంది.

నాకు అనుమానం మీ పొద్దుటి టిక్ టిక్ మీద. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కగానే ఆగుతుందంటే ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటోంది అన్నమాట. కాలు తీస్తే పేలడం, మైలేజీ పడటం, లాగుడు తగ్గడం, ఈ నాలుగూ ఒకే చోట కలుస్తాయి: మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌కి బిగించి ఉండే ఆ హెడర్ భాగమే) కింద ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పైపు అతుకు) దగ్గర లీకు. వెనక పని చేయడానికి పైపు మొత్తం కిందికి దించారా? దించితే అతుకు మధ్య సీలులా ఉండే పాత గ్యాస్కెట్‌నే మళ్లీ బిగించి ఉంటారు.

లీకు అంటే పొగ బయటికి పోవడం ఒక్కటే కాదు. ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది, ఆ సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. దాని కిందే మొదటి ఆక్సిజన్ సెన్సర్ ఉందనుకో, దానికి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది, పెట్రోల్ చాలట్లేదని ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) చెబుతుంది, పాపం ఈసీయూ నమ్మి ఇంకా పోస్తుంది. నీ పెట్రోల్ పోతున్నది అక్కడ. నీకు నచ్చిన ఆ పటపటలు కూడా మండకుండా మిగిలిన పెట్రోల్, ఆ దొంగ గాలి వేడి పైపులో కలిసినప్పుడు వచ్చేవే అయ్యుంటాయి, క్యాట్‌కి అవి విషం.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఇంకొకరిని మందపాటి గ్లవ్ వేసుకుని తడిగుడ్డతో వెనక పైపు రెండు మూడు సెకన్లు మూయమను. నువ్వు ముందు వైపు చెవి పెట్టు. లీకుంటే బుస్సుమంటుంది. అతుకు చుట్టూ నల్లటి మసి చార కనిపించినా చాలు. ఇది గేటు తీసిన ఆరుబయట చెయ్యి, మూసిన షెడ్డులో కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కుడికాలు:

సరే పిస్టన్ అన్నా, ఒప్పుకున్నా. మరి సైలెన్సర్ మారిస్తే పవర్ అసలు రాదంటారా? నేను మార్చినప్పుడు తేడా స్పష్టంగా తెలిసింది.

పాతపిస్టన్:

చెవికి తెలిసింది తమ్ముడూ, కారుకి కాదు. టర్బో లేని చిన్న ఇంజిన్‌కి క్యాట్ వెనక మార్చితే రెండు మూడు హెచ్‌పీ వస్తే గొప్ప, అదీ రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎం) దగ్గర. నాలుగు వచ్చాయనే అనుకుందాం, 85కి అది 5 శాతం లోపు. వెయ్యి కిలోల కారులో 50 కిలోల మనిషి పక్కన కూర్చుంటే ఆ లాభం చెల్లు.

నమ్మకపోతే కొలుచుకో. ఓబీడీ స్కానర్ (ఈసీయూ లెక్కలు చదివే పరికరం) ఫోన్‌కి కలిపి, ఖాళీగా ఉన్న చదును దారిలో, పక్కన ఇంకొకరు చూసుకుంటుండగా థర్డ్ గేర్‌లో 40 నుంచి 80 కి పూర్తిగా తొక్కు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు, ఒకే రోజు, ట్యాంకులో ఒకే పెట్రోల్. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కూడా ఒకే కారు పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఎండలో ఇంకో అంకె చూపిస్తుంది, రెండు మూడు శాతం తేడా అక్కడ మామూలే. కాబట్టి పది హెచ్‌పీ అని రాసున్న ఒక్క కాగితం చూసి మురిసిపోకు.

రాత్రిప్రయాణం:

నేను మోత గురించే మాట్లాడతాను, ఎందుకంటే నాలుగు నెలలు అనుభవించాను.

మూడోగేర్ గారు, మీ 3000 దగ్గరి మోతకు లెక్క ఉంది. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 50 చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి మండుతుంది, నాలుగు సిలిండర్లకి చుట్టుకి రెండుసార్లు. అంటే సెకనుకి 100 పేలుళ్లు, 100 హెర్ట్జ్. ఆ స్వరం దగ్గర మీ పైపు పొడవు, కారు లోపలి గాలి, పైకప్పు రేకు అన్నీ కలిసి ఊగుతున్నాయి. ఇంగ్లిష్‌లో డ్రోన్ అనేది దీన్నే. 3500 కి వెళ్తే 117 హెర్ట్జ్ అవుతుంది, శ్రుతి తప్పుతుంది, అందుకే మాయం. మూడు సిలిండర్ల కారైతే ఇదే 100 హెర్ట్జ్ 4000 దగ్గర వచ్చేది.

స్ట్రెయిట్ త్రూ డబ్బాలో ఉండేది చిల్లుల గొట్టం, చుట్టూ ఫైబర్ దూది. అది కీచుమనే పై స్వరాలను బాగా తాగేస్తుంది, 100 హెర్ట్జ్ లాంటి లోతు మోతను మాత్రం దాదాపు అలాగే వదిలేస్తుంది. కంపెనీ సైలెన్సర్‌లో గదులుంటాయి, పొగ ఒక గదిలోంచి ఇంకో గదికి తిరిగి తిరిగి వస్తుంది, అల ఎదురు అలతో ఢీకొని చస్తుంది. బరువు, అడ్డు ఎక్కువే, కానీ లోతు మోతకు మందు అదే. మీ రెజొనేటర్ చేసే పని కూడా ఫలానా స్వరాన్ని ఏరి పట్టుకోవడమే. చూడ్డానికి ఖాళీ డబ్బాలా ఉంటుంది కాబట్టి మొదట దాన్నే కోసేస్తారు.

డ్రోన్‌కి చౌక వైద్యం ఒకటుంది, పైపుకి పక్క కొమ్మలా ఒక గొట్టం వెల్డ్ చేసి చివర మూసేయడం. లోపలికి వెళ్లిన అల చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి సగం అల వెనకబడుతుంది, అసలు మోతకు సరిగ్గా ఎదురుగా నిలబడి దాన్ని కొట్టేస్తుంది. గొట్టం పొడవు ఆ స్వరం అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. ఇక్కడే అందరూ తప్పేది: మామూలు గాలిలో శబ్దం వేగం సెకనుకి 340 మీటర్లని లెక్క వేసి 85 సెంటీమీటర్లు కోస్తారు. పైపులో పొగ వేడి. 250 డిగ్రీల దగ్గర వేగం 460 దాకా ఉంటుంది, 460ని 400తో భాగిస్తే 115 సెంటీమీటర్లు. నేనూ మొదట 85 కోసి వెల్డ్ చేయించాను, డ్రోన్ అంగుళం కదల్లేదు, చుట్టుపక్కల అందరూ నవ్వారు. తర్వాత ఇంకో ముక్క అతికించి, కొంచెం కొంచెం తగ్గిస్తూ 112 దగ్గర ఆపాను. ఇప్పుడు 3000లో ఫోన్ మాట్లాడుకోవచ్చు (డ్రైవర్ కాదు, పక్కవాళ్లు).

ఇంకోటి, డెసిబెల్ లెక్క మోసం చేస్తుంది. 3 డెసిబెల్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపైనట్టు, అయినా చెవికి కొంచెమే తెలుస్తుంది. 10 పెరిగితే చెవికి రెండింతలు అనిపిస్తుంది. "మూడు నాలుగు డెసిబెలే కదా" అన్న డబ్బా ఏడాదిలో దూది మాడిపోయి ఇంకా గట్టిగా అరుస్తుంది, అప్పుడు చుట్టుపక్కల వాళ్లు ముందుగా మీకు చెబుతారు.

కుడికాలు:

ఓ డౌట్. నాలుగు సిలిండర్ల బండికి వీ8 (ఎనిమిది సిలిండర్లు రెండు వైపులా ఉండే ఇంజిన్) గుడగుడ రావాలంటే ఏ సైలెన్సర్ పెట్టాలి?

రాత్రిప్రయాణం:

ఏది పెట్టినా రాదండీ. ఆ గుడగుడ సైలెన్సర్‌ది కాదు, క్రాంక్‌ది. క్రాస్ ప్లేన్ (క్రాంక్ మలుపులు 90 డిగ్రీల తేడాతో ఉండే) వీ8లో మొత్తంగా చూస్తే 90 డిగ్రీలకొకటి సమానంగా మండుతుంది కానీ ఒక్కో వైపు నాలుగు సిలిండర్లనే తీసుకుంటే వరస ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒక్కో వైపు పైపులోంచి ఆ తొట్రుపాటే వినిపిస్తుంది. మీ ఇంజిన్ 180 డిగ్రీలకొకటి గడియారంలా మండుతుంది. పాత సుబారు బాక్సర్ల (సిలిండర్లు ఎదురెదురుగా పడుకోబెట్టిన ఇంజిన్ల) గుడగుడ కూడా హెడర్ పైపులు పొట్టీ పొడుగూ ఉండటం వల్ల వచ్చిందే, సమాన పొడవు హెడర్ వేస్తే పోతుంది.

గాలిబుడగ:

పైవన్నీ టర్బో లేని బండ్ల కథ. టర్బో ఉంటే లెక్క మారుతుంది, అది కూడా ఒకరు చెప్పాలి కదా అని వచ్చా. టర్బైన్ (టర్బోలో పొగతో తిరిగే చక్రం) తిరిగేది ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ ఉన్న తేడాతో. వెనక ఎంత ఖాళీగా ఉంటే అంత త్వరగా స్పూల్ అవుతుంది (వేగం అందుకుంటుంది), అందుకని టర్బో దాటాక డౌన్‌పైపు పెద్దది వేస్తే నిజంగానే ఫలితం ఉంటుంది. అయితే నా 1.5 టర్బోకి డౌన్‌పైపు ఒక్కటే మార్చినప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. ఈసీయూ దగ్గర ఇంత టార్క్ అని ఒక అంకె రాసిపెట్టి ఉంటుంది, గాలి తేలిగ్గా వస్తుంటే అది బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) తగ్గించి అదే అంకెకు తెస్తుంది. ఈసీయూ ట్యూనింగ్ (ఆ అంకెలు మార్చడం) చేయించాకే కదలిక. శబ్దమూ అంతే, టర్బైన్ పొగ ముద్దల్లో ఉన్న జోరంతా తాగేస్తుంది కాబట్టి మన బండ్లు పుట్టుకతోనే సైలెంట్.

క్యాట్ పూర్తిగా తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, క్యాట్ వెనక ఉండే రెండో సెన్సర్ వల్ల పీ0420 (క్యాట్ సరిగా పనిచేయట్లేదనే కోడ్) వస్తూనే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే పొగ వాసన కారులోకే. చదరపు అంగుళానికి 400 గదుల క్యాట్ బదులు 200 గదులది వేయడం వేరే సంగతి, దానికీ మీ దగ్గరి రూల్ చూసుకోండి. పాప్స్ అండ్ బ్యాంగ్స్ మ్యాప్ (కాలు తీస్తే పటపటలు వచ్చేలా ఈసీయూలో చేసే మార్పు) కూడా వద్దు, కావాలని స్పార్క్ ఆలస్యం చేసి పెట్రోల్‌ని క్యాట్‌లో మండించడమే అది.

మూడోగేర్:

పది రోజులైంది, క్షమించండి, చేసి చూశాకే రాద్దామని ఆగాను.

పిస్టన్ గారూ, దండం. జాకీ మీద లేపి టార్చి వేసి చూస్తే ఫ్లాంజ్ అతుకు మీద ఒక పక్క వేలెడు వెడల్పున మసి చార. మా తమ్ముడు వెనక తడిగుడ్డ అడ్డం పెడితే ముందు పాము బుస. పైపు మొత్తం దించే చేశారట, పాత గ్యాస్కెటే బిగించారు. విప్పి చూస్తే ఒక అంచు కాలి పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఇంకో విషయం, ఒక బోల్టు స్ప్రింగే లేదు, ఎక్కడ పడిపోయిందో.

విప్పే ముందే కొలిచాను, మీరు చెప్పినట్టే. లీకుతో థర్డ్ గేర్ 40–80 సగటు 8.7 సెకన్లు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత సవరిస్తోందో చూపే అంకె) 11 శాతం ఎక్కువ. కొత్త గ్యాస్కెట్ వేసి నాలుగు రోజులు తిరిగాక ట్రిమ్ 2కి దిగింది, సమయం 8.3. టిక్ టిక్ లేదు. పటపటలూ పోయాయి, కొంచెం బాధేసింది, ఒప్పుకుంటా.

తర్వాత అసలు పరీక్ష. పాత సైలెన్సర్, పాత పైపు, రెజొనేటర్ పారేయలేదు, శని ఆదివారాలు ఒంటి చేత్తో కూర్చుని అవన్నీ తిరిగి బిగించి అదే దారిలో అలాగే కొలిచాను. 8.3, 8.2, 8.4, 8.3, 8.3, 8.2. రెండున్నర అంగుళాల పైపుతో 8.3, 8.4, 8.2, 8.3, 8.4, 8.3. అంటే లాగుడు తగ్గింది పైపు వల్ల కాదు, గ్యాస్కెట్ వల్ల. పది హెచ్‌పీ ఎక్కడ ఉన్నాయో కూడా తెలిసింది, నా చెవిలో.

ప్రస్తుతం పాతదే ఉంచుతున్నాను. 115 సెంటీమీటర్ల గొట్టం కిందికి ఎలా పడుతుందో చూశాను, మడిచినా వెనక ఇరుసుకి తగిలేలా ఉంది. మరో అనుమానం: పొద్దున పాత సైలెన్సర్ కింద చుక్క చుక్క నీళ్లు కారుతున్నాయి, చిన్న చిల్లు కూడా కనిపించింది. అది కూడా లీకేనా?

పాతపిస్టన్:

కాదు. ఆ చిల్లు ఫ్యాక్టరీవాళ్లు పెట్టిందే. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్‌లో అవి చేరి నిలుస్తాయి, ఆ దారిన కారతాయి. దాన్ని వెల్డ్ చేయించావో లోపల నుంచి తుప్పు పడుతుంది. రోజూ రెండు కిలోమీటర్లే తిప్పే కారైతే అది పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తావు, అప్పుడు ఇంకా ఎక్కువ చేరుతుంది, వారానికోసారైనా ఓ అరగంట లాంగ్ పో.

ఆ పడిపోయిన స్ప్రింగ్ బోల్టు మాత్రం మామూలు బోల్టుతో సరిపెట్టావా? ఇంజిన్ ఊగినప్పుడు ఆ అతుకు కొంచెం కదలాలి, అందుకే స్ప్రింగ్ ఉంటుంది.

మూడోగేర్:

లేదండీ, రెండూ కొత్త స్ప్రింగ్ బోల్టులే వేశాను.

కుడికాలు:

ఇంతకీ ఆ గిన్నెంత టిప్ ఏమైంది బ్రో?

మూడోగేర్:

అది పాత సైలెన్సర్‌కే తగిలించా. కిందకి వంగి చూస్తే లోపల సన్న పైపు కనిపిస్తుంది, వంగి చూడొద్దు.